ఏడో గొంతు

ఎంటెక్ పట్టా ఊరికే రాదు. పాఠాలన్నీ పాసవ్వాలి, హాజరు తగ్గకూడదు, ప్రాజెక్టు చెయ్యాలి, దాని మీద థీసిస్ రాయాలి, రాసినదాంట్లో పరాయివాళ్ళ వాక్యం ఒక్కటీ దొర్లకూడదు, ఏదో ఒక సదస్సులో పేపరు అచ్చు కావాలి. ఇన్ని అయ్యాక బయటి కాలేజీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, మన రెండేళ్ళ కష్టాన్ని టీ చల్లారేలోపు విని, సరే అనాలి. మంఖాల్ నుంచి శంషాబాద్ దాకా షేర్ ఆటోల్లో మోకాళ్ళు ముడుచుకుని తిరిగిన మనీషాకు వీటిలో పేపరు, ఆ పెద్దమనిషి మాత్రమే మిగిలారు. వీటిలో పేపరే మెడకు చుట్టుకుంది.

సోమవారం పొద్దున గైడు నరేందర్ సార్ తన గదిలోకి పిలిచి సదస్సు వాళ్ళ జవాబు చూపించాడు. విషయం బాగుంది, పని బాగుంది, కానీ ప్రోగ్రాము సరిగ్గా రాసే మాటల సగటు కొంచెం తక్కువగా ఉంది, నూటికి ఎనభై అయిదు దాటించి గురువారం లోపు పంపితే వేసుకుంటాం అని రాశారు. దాటకపోతే మళ్ళీ ఏడాదే. ఇక్కడ పేపరు లేకపోతే వైవా లేదు, వైవా లేకపోతే పట్టా లేదు. జూన్ నుంచి ఇదే కాలేజీలో మనీషా పాఠాలు చెప్పడానికి చేరాలంటే పట్టా చేతిలో ఉండాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు.

మనీషా చేసింది చిన్న పనేం కాదు. పక్షవాతం వచ్చి మాట ముద్దగా మారినవాళ్ళు మాట్లాడితే, కంప్యూటర్ విని ఆ మాటను తెలుగులో రాసి చూపించాలి. మామూలు మనుషుల మాట వినే ప్రోగ్రాములు బోలెడున్నాయి. ఇలాంటివాళ్ళ మాట దగ్గరికి వచ్చేసరికి అవి చెవులు మూసుకుంటాయి. అందుకని ఆమె శంషాబాద్ దవాఖానలో కాళ్ళూ చేతులూ కదిలించే కసరత్తులకు వచ్చేవాళ్ళను బతిమాలి పన్నెండు మంది గొంతులు పోగేసింది. ఆ గొంతులతోనే ప్రోగ్రాముకు మాట నేర్పింది.

సార్ వేలు తెర మీద ఒకచోట ఆగింది. "గీ ఏడో నంబర్ చూడు. అందరిది తొంభై దగ్గర వస్తుంటె గీమెది ముప్పై దాటుతలేదు. ఒక్కామె అందర్ని కిందికి గుంజుతున్నది. తీసెయ్."

ఈ పనిలో గొంతు ఇచ్చినవాళ్ళ పేర్లు ఎక్కడా రాయకూడదు, అందరూ నంబర్లే. ఆ నియమం నేర్పింది సారే. అందువల్ల ఏడో నంబర్ మనిషి పేరు ముత్తమ్మ అని, ఆమె మనీషాను కన్న తల్లి అని ఆయనకు తెలియదు. చెబితే ఏమంటాడో మనీషాకు తెలుసు. సొంత ఇంటి మనిషిని పెట్టుకుని పరీక్ష చేస్తే ఎవరు నమ్ముతారు, అదింకా పెద్ద తప్పు అంటాడు. అందుకే చెప్పలేదు.

"అట్లాంటోళ్ళ కోసమే గద సార్ చేసింది" అని మాత్రం అంది.

నరేందర్ సార్ చెడ్డవాడేం కాదు. తన దగ్గర పేపర్లు తక్కువయ్యాయని ఆయనకూ పైనుంచి తాఖీదులు వస్తున్నాయి. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, నాకు తెల్వదా, కానీ చదివేటోడు సగటే చూస్తడు, మనిషిని చూడడు అన్నాడు.

ఆ సాయంత్రం మనీషా ఇంటికి వెళ్ళేసరికి ముత్తమ్మ తయారై కూర్చుంది. ఇస్త్రీ చీర కట్టుకుంది, తల దువ్వుకుంది, బొట్టు పెట్టుకుంది. ఎడమ చేత్తో పెట్టుకున్న బొట్టు ఎప్పటిలాగే కొంచెం పక్కకు జరిగింది. గొంతు ఇవ్వడానికి కూర్చునే ప్రతి సాయంత్రం ఆమె ఇలాగే తయారయ్యేది. ఎందుకమ్మా, గొంతే గద పడేది, చీర పడదు గద అని మనీషా మొదట్లో నవ్వేది. విమానాశ్రయంలో ఊడ్చి తుడిచే పనికి వెళ్ళినన్నాళ్ళూ బట్టల మీద మడత చెరగనివ్వని మనిషి ఆమె. పని అంటే పనే.

గొంతు ఇచ్చే పని కూడా తేలికైనదేం కాదు. ఇంటి మీదుగా విమానాలు పోతూనే ఉంటాయి. ఒకటి వచ్చిందంటే అప్పటిదాకా చెప్పిన వాక్యం పాడైపోతుంది. మనీషాకు వినపడకముందే ముత్తమ్మకు తెలిసిపోయేది. వేలు పైకెత్తి ఆగేది. చప్పుడు మహేశ్వరం వైపు వెళ్ళిపోయాక, దవడ కింద ఎడమ చెయ్యి ఆనించి, మళ్ళీ మొదటినుంచి చెప్పేది. 'నాకు మంచినీళ్ళు కావాలి.' 'నా కాలు నొస్తున్నది.' 'లైటు బంద్ చెయ్యి.' ఒక్కో వాక్యం పదేసి సార్లు. నాలుక కదలక, లాలాజలం కారి, కొంగుతో తుడుచుకుంటూ, మళ్ళీ. జబ్బు చేసినప్పటి నుంచి పాలు పోసే అతనితో కూడా సైగలే చేస్తున్న మనిషి, నలుగురిలో నోరు విప్పడానికి సిగ్గుపడి పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసిన మనిషి, ఈ చిన్న మైకు ముందు మాత్రం అలిసిపోకుండా మాట్లాడింది. పన్నెండు మందిలో అందరికంటే ఎక్కువ గొంతు ఇచ్చింది ఆమే.

రికార్డింగు అయిపోయిందమ్మా, ఇంక అక్కర్లేదు అని మనీషా చెప్పింది. ముత్తమ్మ తలాడించి, మరి పరీక్ష ఎప్పుడని అడిగింది. శనివారం ఉండొచ్చంది మనీషా. ముత్తమ్మ దవడ కింద చెయ్యి ఆనించుకుంది.

"నే...ను గూడ... వస్త. చె...ప్త."

ఆమె ఏం చెప్పాలనుకుంటోందో మనీషాకు తెలుసు. నెల రోజులుగా బట్టలు మడతపెడుతూ, బియ్యం ఏరుతూ సాధన చేస్తూనే ఉంది. 'నా పేరు ముత్తమ్మ. మాది మంఖాల్.' అంతే. సార్ల ముందు ఆ రెండు మాటలు చెప్పాలి, మిషను రాయాలి, అందరూ చూడాలి. మనీషా తండ్రి యాదగిరి విమానాశ్రయంలో కార్గో వైపు ఒక పార్సిళ్ళ గోదాములో కాపలా పని చేస్తాడు. మా ఇంటామె మాటలతోటి మిషన్‌కు సదువు చెప్తున్నరు అని ఆయన అప్పటికే అక్కడ అందరికీ చెప్పేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం.

మంగళవారమంతా ల్యాబులోనే గడిచింది. ముత్తమ్మను తియ్యకుండా సగటు పెంచే దారి ఏదైనా ఉందేమోనని తనకు తెలిసిన కిటుకులన్నీ చేసి చూసింది. ఆమె గొంతు వేగం పెంచింది, తగ్గించింది, వెనక రొద తీసింది, ముక్కలు చేసి మళ్ళీ అతికించింది. ప్రతిసారీ ప్రోగ్రాముకు మొదటినుంచి నేర్పించాలి. తెర మీద నీలం గీత పాకుతూ ఉంటే చూస్తూ కూర్చోవాలి. సగటు కొంచెం పెరిగేది, అక్కడే చతికిలపడేది. ముత్తమ్మ మాట పట్టడానికి ఇంకా ఎన్నో నెలల గొంతు కావాలి. గురువారానికి నెలలు లేవు.

బుధవారం మధ్యాహ్నం ఇఖ్రా వచ్చి పక్క కుర్చీ లాక్కుంది. శంషాబాద్ పాత బస్తీ పిల్ల, ఇదే క్లాసు, ఏడో నంబర్ ఎవరో తెలిసిన ఒకే ఒక్క మనిషి. డబ్బా తెరిచి ఖీమా రొట్టె ముందు పెట్టి, మనీషా తినకపోయేసరికి మూత పెట్టేసింది.

"జర నా మాట విను. అమ్మిని తీసెయ్యమంటలేరు నిన్ను, ఫైల్ తీసెయ్యమంటున్నరు. డిగ్రీ వచ్చినంక మళ్ళ పెట్టుకో. ఎవరు వద్దంటరు?"

ఇఖ్రా మాటలో తప్పేమీ లేదు. పరీక్ష పాసవ్వాలనుకునే ఏ పిల్లయినా అదే అంటుంది. పది మందిలో తొమ్మిది మంది అమీర్‌పేటలో ప్రాజెక్టులు కొనుక్కొచ్చే చోట, చేసిన పనిలో ఒక్క గొంతు తీసేస్తే ఆకాశం విరిగి పడదు. మనీషా కూడా తనకు తాను అదే చెప్పుకుంది. అమ్మకు తెలియదు కూడా అనుకుంది. ఆ ఆలోచన వచ్చినందుకే ముందు ఆమెకు తన మీద అసహ్యం వేసింది.

అయినా చేసింది. ఏడో ఫోల్డరు మీద బాణం పెట్టి నొక్కింది. నిజంగా తీసెయ్యాలా అని కంప్యూటర్ అడిగింది. మనుషులు ఎవరూ అడగని ప్రశ్న దానికైనా తోచింది. మనీషా అవును అని నొక్కింది. ఒక కాపీ ఇంట్లో పెట్టెలో భద్రంగా ఉంది, అయినా పాడె కట్టినంత పని చేసినట్టు అనిపించింది.

తీసేస్తే సరిపోదు. ఆరు తర్వాత ఎనిమిది ఉంటే ఏడు ఏమైందని అడుగుతారు. అందుకని ఎనిమిదో మనిషిని ఏడో మనిషిని చెయ్యాలి, తొమ్మిదిని ఎనిమిది చెయ్యాలి, చివరిదాకా జరపాలి. థీసిస్‌లో పన్నెండు మంది అని ఉన్నచోటల్లా పదకొండు మంది అని దిద్దాలి. సాయంత్రానికి ముత్తమ్మ కూర్చున్న చోటు ఖాళీగా కూడా మిగల్లేదు. అక్కడ ఇన్నాళ్ళూ ఎనిమిదో గొంతుగా ఉన్న బర్కత్ చాచా వచ్చి కూర్చున్నాడు. నీలం గీత పాకి ఆగింది. సగటు ఎనభై ఎనిమిది. ఇఖ్రా మెడ చుట్టూ చేతులు వేసి ఊపేసింది. మనీషా నీళ్ళ సీసా ఎత్తి తాగింది, తాగి ఏడ్చింది.

పేపరు వెళ్ళింది. మర్నాడే ఒప్పుకున్నామని జవాబొచ్చింది. అంత తొందరగా చదివారా అని మనీషా అడగలేదు, సార్ చెప్పలేదు. శనివారం వైవా ఖాయమైంది.

వైవా అంటే మన కాలేజీల్లో సగం పరీక్ష, సగం పెళ్ళిచూపులు. వచ్చే పెద్దమనిషికి శాలువా తేవాలి, పూలగుత్తి తేవాలి, సమోసాలూ జీడిపప్పులూ సర్దాలి, మధ్యాహ్నం బిర్యానీ చెప్పాలి. ఇంటివాళ్ళు ఎవరైనా వస్తే వెనక వరుసలో కూర్చోబెడతారు. బాట బాగాలేదని, మెట్లు ఎక్కువని, ఎండ అని మనీషా రెండు రోజులుగా తల్లికి చెప్తూనే ఉంది. ముత్తమ్మ అన్నిటికీ తలాడించింది. శనివారం పొద్దున చూస్తే పట్టు అంచు చీర కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

బయలుదేరేముందు ప్రోగ్రాము సరిగ్గా పనిచేస్తోందో లేదో మనీషా చూసుకోవాలి. ఒక్కొక్క గొంతు వినిపిస్తే తెర మీద మాట పడుతుంది. ఇదివరకు ఇంట్లో ఎన్నోసార్లు చేసిందే, ముత్తమ్మకు ఆ వరస కంఠతా వచ్చు. మొదట అనంతయ్య గొంతు వచ్చింది, మాట పడింది. తర్వాత ఇంకొందరివి వచ్చాయి. సక్కుబాయి గొంతు వచ్చింది. సక్కుబాయి తర్వాత తనదే కాబట్టి ముత్తమ్మ ప్రతిసారీ అక్కడ కాస్త ముందుకు వంగి కూర్చునేది. ఈసారీ వంగింది. బర్కత్ చాచా గొంతు వచ్చింది. ఆ తర్వాత ఇంకొకరిది, ఇంకొకరిది. చివరి గొంతు అయిపోయింది. మనీషా తలెత్తకుండా ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టింది. అమ్మ గమనించలేదనుకుంది. ముత్తమ్మ వెనక్కి ఒరిగి, చీర కుచ్చిళ్ళు ఒంటిచేత్తో సవరించుకుంటోంది.

సెమినార్ హాల్లో ఏసీ చల్లగా ఉంది. బయటి నుంచి వచ్చినావిడ కాకినాడ వైపు ప్రొఫెసరు. నెరిసిన జుట్టు, నెమ్మదైన మాట, థీసిస్ నిజంగానే చదివి వచ్చింది. అలాంటివాళ్ళు అరుదు. మనీషా తల్లిని వెనక వరుసలో ఇఖ్రా పక్కన కూర్చోబెట్టి, మా అమ్మ అని నరేందర్ సార్‌కు చెప్పింది. ఆయన నమస్కారం పెట్టి, మైకు తీగలు సరిచూడ్డానికి వెళ్ళిపోయాడు.

మనీషా బాగా చెప్పింది. సక్కుబాయి గొంతు వినిపించగానే తెర మీద తెలుగు అక్షరాలు పడుతుంటే వెనక ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. అప్పుడు ప్రొఫెసరుగారు కాగితాలు తిప్పుతూ ఒక ప్రశ్న వేసింది. వీళ్ళందరిదీ కొద్దిగా దెబ్బతిన్న మాట, బాగా దెబ్బతిన్నవాళ్ళు ఒక్కరూ లేరెందుకని. అసలు ఇది అవసరమయ్యేది వాళ్ళకే కదా అని.

నరేందర్ సార్ కుర్చీలో కదిలాడు. అలాంటివారు దొరకలేదు మేడమ్ అని మనీషా ఇంగ్లిషులో చెప్పింది. అమ్మకు అర్థం కాకూడదని ఇంగ్లిషులో చెప్పింది. కన్నతల్లిని పది అడుగుల దూరంలో కూర్చోబెట్టుకుని దొరకలేదని చెప్పడానికి ఇంగ్లిషే పనికొచ్చింది.

ప్రొఫెసరుగారు తలూపి, వెనక వరుస వైపు చూసింది. ముత్తమ్మ పెదవి ఒక పక్కకు జారి ఉండడం, ఒళ్ళో కుడి చెయ్యి ముడుచుకుని ఉండడం ఆమె కంట పడ్డాయి. మంచి మనిషి కాబట్టి లేచి వెళ్ళి, ప్రోగ్రాముకు తగిలించిన మైకు కూడా తీసుకెళ్ళి, వంగి అడిగింది.

"అమ్మగారూ, ఈ గొంతుల్లో మీదీ ఉందా అండీ?"

హాలంతా అటు తిరిగింది. అమ్మ ఉందంటుంది. నెల రోజులు సాధన చేసిన ఆ రెండు మాటలూ చెబుతుంది. ప్రోగ్రాము ఏదో పిచ్చిగీత రాస్తుంది. అప్పుడు అన్నీ బయటపడతాయి, తీసేసిన గొంతు, జరిపిన నంబర్లు, ఇప్పుడే ఆడిన అబద్ధం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పట్టా పోయినా పోనీ, అమ్మ చెప్పనీ అని ఒక్క క్షణం నిజంగా అనుకుంది. మరుక్షణం వద్దు దేవుడా అనుకుంది. ఆ రెండూ ఆమె అనుకున్నవే.

ముత్తమ్మ కూతురి ముఖం వంక చూసింది. కాసేపు చూసింది. ముందు కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది. దవడ కింద ఎడమ చెయ్యి ఆనించుకుంది.

"లే...దు" అంది.

తెర మీద నల్లటి అక్షరాలు పడ్డాయి. లేదు.

హాల్లో చప్పట్లు మోగాయి. ప్రొఫెసరుగారి ముఖం విప్పారింది. చూశారా, ఎప్పుడూ వినని గొంతును కూడా ఎంత చక్కగా పట్టిందో అని అందరికీ చూపించింది. ఇంతకంటే రుజువు ఏం కావాలండీ అంది. నెలల తరబడి చెప్పిన వందల వాక్యాల్లో ఒక్కదాన్నీ పూర్తిగా పట్టని ప్రోగ్రాము, ముత్తమ్మ తనను తాను కాదనుకున్న ఆ ఒక్క మాటను తప్పులేకుండా రాసింది.

నరేందర్ సార్ చప్పట్లు కొట్టలేదు. ముత్తమ్మ నోటి వంక, మనీషా వంక మార్చి మార్చి చూశాడు. ఏడో నంబర్ ఎవరో ఆయనకు అప్పుడు తెలిసింది. తల దించుకుని, సంతకం చెయ్యాల్సిన చోట చేశాడు. శాలువా కప్పారు. సమోసాలు పంచారు. ముత్తమ్మ ఒకటి తీసుకుని, నమల్లేక, కాగితంలో చుట్టి చేతిలో పెట్టుకుంది.

తుక్కుగూడ దాకా ఆటోలో వేరే మనుషులున్నారు. అక్కడ ఆటో మారాక తల్లీ కూతుళ్ళే మిగిలారు. రెండు పక్కలా ప్లాట్ల రాళ్ళు, ప్రహరీలు, మధ్యలో ఎండిన జొన్న కొయ్యకాళ్ళు. మనీషా అప్పటిదాకా బిగబట్టుకున్నది ఇంక ఆగలేదు.

"అమ్మా, నీకు ఎప్పుడు తెల్సింది?"

ముత్తమ్మ రోడ్డు వైపే చూస్తూ నెమ్మదిగా చెప్పింది. "పొద్దుగాల. సక్కు...బాయి ఎన్క... నాది... రాలే."

"సగటు తక్కువొస్తున్నదన్నరమ్మా. నీది తీసేస్తెనే పాస్ చేస్తమన్నరు. నేనే తీసేసిన. నా చేతులతోనే తీసేసిన." ఆటో చప్పుడులో మనీషా ఏడుస్తూ చెప్పింది. ఇంట్లో కాపీ ఉందని, మళ్ళీ పెడతానని, ఈసారి నీ ఒక్కదానికే చేస్తానని ఏదేదో చెప్పింది. ముత్తమ్మ బాగున్న చెయ్యి చాపి, కూతురి కళ్ళు కొంగుతో తుడిచింది. తిట్టి ఉంటే మనీషాకు కొంత తేలికయ్యేది. ముత్తమ్మ తిట్టలేదు. పెడదామని గానీ వద్దని గానీ అనలేదు.

యాదగిరి ఆ పూట గోదాము నుంచి ముందుగా వచ్చేసి వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. ఆటో ఆగీ ఆగకముందే ఎదురొచ్చాడు. పాసయ్యానని మనీషా చెబితే విని సంబరపడి, వెంటనే భార్య వైపు తిరిగాడు. ఆయనకు పట్టా సంగతి కంటే ఈ సంగతి ముఖ్యం.

"మాట్లాడినవా మరి? అందరి ముంగట?"

మనీషా నోరు తెరిచింది. నిజం చెప్పేద్దామనే తెరిచింది. అంతకంటే ముందు ముత్తమ్మ భర్త భుజం పట్టుకుని ఆటో దిగి, దవడ కింద చెయ్యి ఆనించుకుంది.

"మాట్లాడిన" అంది.

"మిషన్ రాసిందా?"

"రా...సింది. సప్పట్లు... గొట్టిన్రు."

యాదగిరి ముఖం చాటంత అయింది. చెప్పిన గద, నేను చెప్పలేదా అంటూ జేబులోంచి ఫోను తీసి, గోదాములో ఉన్నవాళ్ళకు అక్కడికక్కడే చెప్పడం మొదలుపెట్టాడు. ఏమన్నదని అవతల ఎవరో అడిగినట్టున్నారు. ఆయన ఫోను పక్కకు పెట్టి, ఏమన్నవే అని భార్యను అడిగాడు. ముత్తమ్మ ఏదో అన్నానులే అన్నట్టు చేత్తో సైగ చేసి లోపలికి వెళ్ళింది. పట్టు అంచు చీర విప్పి, పాత చీర కట్టుకుని, పొయ్యి దగ్గర కూర్చుంది. ఆ సాయంత్రం పాలు పోసే అతను వస్తే గిన్నె చూపించి సైగ చేసింది. రాత్రి అన్నాలప్పుడు మనీషా ఇంకొంచెం కూర వెయ్యనా అని అడిగితే చాలని చేత్తోనే చెప్పింది. అప్పటివరకు కూతురితో మాత్రం ఆమె సైగలు చేసేది కాదు.